ఒకరి పాట మన పాట ఎట్లాయెను?

పఠన భాగములు: కీర్తనలు 13, 51, 88, సామెతలు 25:20, రోమా 12:15



కొన్ని పాటలు వినునప్పుడు, "ఇది నన్ను గూర్చియే వ్రాసిరి" అని మనకు తోచును. వ్రాసినవాడు మన ఊరు చూడలేదు, మన పేరు వినలేదు. అయినను మనము ఎవరితోను చెప్పని మాటను అతడు చెప్పినట్లుండును. నాటు వేయు స్త్రీలు ఒక చరణము దగ్గర గొంతు తగ్గించి కన్నులు తుడుచుకొనుట మనము చూచియున్నాము. యౌవనస్థులు రాత్రివేళ చెవిలో తీగె పెట్టుకొని ఫోనులో ఒకే పాటను మరల మరల వినుటయు చూచుచున్నాము. ఎదుటివానిని ఎరుగని పాటగాడు అతని మనస్సులోని సంగతి ఎట్లు చెప్పగలిగెను? ఈ ప్రశ్న వినోదము కొరకైనది కాదు. దుఃఖములోనున్న మనుష్యునితో సంఘము ఎట్లు మెలగవలెననునది దీనిలో ఇమిడియున్నది. కాబట్టి ఈ నెల మనము దీనిని ధ్యానింతము.

1. మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక ఇంట ఎదిగిన కుమారుడు, రాత్రి పొలమునకు నీరు పెట్టబోయి పాముకాటు వలన మరణించెను. మూడవ దినమున ఆదరణ కూడిక జరిగినది. మేము ఒక స్తుతికీర్తన ఎత్తించితిమి. అందరును పాడిరి గాని తల్లి మాత్రము కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని మౌనముగా కూర్చుండెను. కూడిక ముగిసిన పిమ్మట మేము ఆమెతో, "అమ్మా, విశ్వాసులము దుఃఖములోను స్తుతింపవలెను గదా" అంటిమి.

ఆమె తల యెత్తి, "అయ్యగారూ, స్తుతించనని నేననలేదండి. ఆ పాట ఇయ్యాళ నా నోటికి రావడం లేదు. నా బాధ చెప్పే పాటేదన్నా ఉంటే ఎత్తండి, నేనూ కలుస్తాను" అనెను.

మాకు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి వాక్యము తెరచితిమి. మనస్సు కుంగినవాని యెదుట ఉల్లాసపు పాటలు పాడుట, చలిలో వణకువాని మీది బట్టను లాగివేయుట వంటిదను భావము సామెతలు 25:20లో నున్నది. వేదపాఠశాలలో చదువుకొనిన దినములలో ఆ వచనమును పలుమారులు చదివియుంటిమి. ఆ దుప్పటి లాగినది మా చేతులేయని ఆ రాత్రి తెలిసికొంటిమి.

మరుసటి సాయంకాలము మరల వెళ్లి, పాట ఎత్తక, 88వ కీర్తనను నిదానముగా చదివితిమి. ఆ కీర్తన మొరతో ఆరంభమై చీకటితోనే ముగియును. ఆమె చివరివరకు విని, "ఇది రాసినాయనకి కూడా కొడుకు పోయాడా అండీ?" అని అడిగెను. అతనికి ఏమి సంభవించెనో అందులో వివరముగా లేదని చెప్పితిమి. "ఏదో పోయే ఉంటది లెండి. లేకపోతే ఈ మాటలు రావు" అని ఆమె అనెను. మేము చేయవలసిన ప్రసంగమును ఆ దినమున ఆమెయే చేసెను.

2. ప్రధానగాయకునికి

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలున్నవి. వాటిలో 73 కీర్తనలకు పైభాగమున దావీదు పేరు వ్రాయబడియున్నది. మనము చదువునప్పుడు ఆ పై వరుసను విడిచి నేరుగా మొదటి వచనమునకు వెళ్లుదుము. ఈసారి ఆగి చూడుడి. 13, 51, 88 కీర్తనలు మూడింటికిని "ప్రధానగాయకునికి" అను మాట కనబడును.

దీని భావమేమి? 51వ కీర్తనను చూడుడి. దావీదు బత్షెబ విషయములో పాపము చేసి, నాతాను ప్రవక్తచేత గద్దింపబడిన తరువాతిదని అక్కడనే వ్రాయబడియున్నది. అది రాజు యొక్క సిగ్గు. మనమైతే అట్టి సంగతిని నాలుగు గోడలు దాటనీయము. ఇంటిలో చిన్న తగవు వచ్చినను తలుపు వేసికొందుము. దావీదైతే తన ఒప్పుకోలును ప్రధానగాయకుని చేతికిచ్చెను. అనగా జనులందరు పాడునట్లు అప్పగించెను. రాజు పాపము వేరు, గొఱ్ఱెల కాపరి పాపము వేరు. అయినను శుద్ధహృదయము కొరకైన మొర ఇద్దరికిని ఒక్కటే గనుక, ఇద్దరును దానిని పాడగలిగిరి.

13వ కీర్తనలో దావీదు, ఇంకెంతకాలము అని మరల మరల దేవుని అడుగుచున్నాడు. అడిగినందుకు దేవుడు అతనిని త్రోసివేయలేదు. ఆ ప్రశ్నను పరిశుద్ధ గ్రంథములోనే ఉంచెను. మన ప్రభువు సిలువ మీద మహా వేదనలో నున్నప్పుడు 22వ కీర్తన యొక్క మొదటి మొరనే పలికెనని మత్తయి 27:46 వలన తెలిసికొనుచున్నాము. దేవుని కుమారుడే వేదనలో పూర్వికుని కీర్తనను తన ప్రార్థనగా చేసికొనెను. మరి ఒకరి పాటలో మన మొరను కనుగొనుట తక్కువతనమని ఎవరు చెప్పగలరు?

కాబట్టి మొదటి పాఠమిది. పాట మనదిగా తోచుటకు కారణము పాటగాడు మనలను ఎరిగియుండుట కాదు. అతడు తన్ను తాను దాచుకొనక సత్యము చెప్పుటయే కారణము. అందరిని మెప్పింపవలెనని వ్రాసిన పాట పలుమారు ఎవరిని తాకదు. ఒకడు తన గాయమును తెరచి చూపిన పాట, వేరొక గాయముగలవాని యొద్దకు తానే త్రోవ వెదకికొని పోవును.

3. ఓల్నీ గ్రామములో ఇద్దరు స్నేహితులు

ఇంగ్లండు దేశములో ఓల్నీ అను చిన్న ఊరున్నది. రెండు వందల యేబది సంవత్సరముల క్రిందట అక్కడి బీదజనులు అనేకులు లేసు అల్లి జీవించుచుండిరి. మన నరసాపురము ప్రాంతపు స్త్రీలు లేసు అల్లునట్లే, పద్ధతి వేరైనను, వారును దినమంతయు వంగి కూర్చుండి కన్నులు కాయలు కాయునట్లు పని చేసెడివారు. ఆ ఊరి సంఘమునకు 1764లో జాన్ న్యూటన్ అను బోధకుడు వచ్చెను.

న్యూటన్ 1725లో జన్మించెను. ఏడేండ్లు నిండకమునుపే తల్లిని పోగొట్టుకొని, యౌవనములో ఓడ పనివాడై, దుష్టజీవితము జీవించెను. ఆఫ్రికా దేశస్థులను బానిసలుగా కొని అమ్ము ఓడలలో పనిచేసెను. 1748లో సముద్రము మీద గొప్ప తుఫాను వచ్చినప్పుడు దేవునికి మొరపెట్టెను. అంతటితో అతడు పూర్తిగా మారిపోయెనని కొందరు చెప్పుదురు గాని అది సరికాదు. ఆ తరువాత కూడ కొన్ని సంవత్సరములు ఆ వ్యాపారములోనే యుండి, ఓడకు నాయకుడును ఆయెను. 1754లో సముద్ర ప్రయాణములు మానెను. 1788లో ఆ వ్యాపారపు ఘోరమును, అందులో తన పాలును ఒప్పుకొని ఒక పుస్తకము ప్రకటించెను. తుఫాను దినమునుండి ఆ ఒప్పుకోలు వరకు 40 సంవత్సరములు పట్టినది. సత్యమంతయు చెప్పుట మనుష్యునికి అంత కష్టము. 1807లో ఇంగ్లండు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించెను. ఆ సంవత్సరమే న్యూటన్ మరణించెను.

ఇతడు ఓల్నీలో తన ప్రసంగములకు తగినట్లు కీర్తనలు వ్రాసి ఆ లేసు పనివారిచేత పాడించెడివాడు. 1773 జనవరి 1వ తేదీన, మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయము మీద ప్రసంగించుటకు ఒక కీర్తన సిద్ధపరచెను. అదియే నేడు అనేక దేశములలో పాడబడుచున్న అమేజింగ్ గ్రేస్ అను పాట. ఒక సంగతి గమనింపుడి. ఆ పాటలో ఓడ లేదు, తుఫాను లేదు, ఆఫ్రికా పేరు లేదు. తప్పిపోయి దొరకినవాని ఆశ్చర్యము మాత్రమే యున్నది. ఓడ నెన్నడు ఎక్కని లేసు పనివారును ఆ ఆశ్చర్యములో తమకు చోటు కనుగొనగలిగిరి.

రెండవవాడు విలియం కూపర్. 1731లో జన్మించి, ఆరేండ్ల ప్రాయములో తల్లిని పోగొట్టుకొనెను. న్యాయశాస్త్రము చదివెను. 1763లో ఒక ఉద్యోగ విషయమై పెద్దల సభ యెదుట పరీక్షకు నిలువవలసి రాగా, ఆ భయముచేత మనస్సు చెదరి, తన ప్రాణము తీసికొనుటకు ప్రయత్నించెను. బంధువులు అతనిని డాక్టరు కాటన్ అను దయగల వైద్యుని యొద్ద ఉంచిరి. అక్కడ నుండగా రోమా 3:25 చదివి ఆదరణ పొందెను. 1767లో ఓల్నీకి వచ్చి న్యూటన్‌కు పొరుగువాడును స్నేహితుడును ఆయెను. ఇద్దరును కలిసి కీర్తనలు వ్రాయ మొదలిడిరి. 1779లో వారి పుస్తకము అచ్చైనది. అందులోని 348 కీర్తనలలో అరువదికి పైగా కూపర్ వ్రాసినవి.

ఆ పుస్తకము అచ్చగుటకు ఆరేండ్లు ముందే, 1773 ఆరంభములో, కూపర్‌కు ఆ మనోవ్యాధి మరల వచ్చెను. దేవుడు తన్ను విడిచిపెట్టెనని ఒక కల వలన నమ్మెను. అప్పటినుండి ఆరాధనకు వెళ్లుట మానెను. 1800లో మరణించువరకు ఆ తలంపు అతనిని పూర్తిగా విడువలేదు. ఎంత విచిత్రమైన సంగతి! అతని కీర్తనలు పాడి వేలమంది దేవుని సమీపించుచుండగా, వ్రాసినవాడు మాత్రము, "ఇవి నాకు చెందవు" అనుకొని ఇంటియొద్ద కూర్చుండెను.

4. పాట చేయగలది, చేయలేనిది

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను. పాట గొప్పది గాని వైద్యుడు కాదు. దావీదు సితారా వాయించినప్పుడు సౌలు సేదదీరెనని 1 సమూయేలు 16:23లో నున్నది. రెండు అధ్యాయముల తరువాత అదే సౌలు, వాయించుచున్న ఆ దావీదు మీదనే ఈటె విసరెను. పాట కొంతసేపు నెమ్మది నిచ్చెను గాని అతని హృదయములోని వ్యాధి తీరలేదు.

మరి కూపర్ ఎట్లు బ్రతికెను? అతని స్నేహితులను చూడుడి. ఆ వ్యాధి తీవ్రముగా నున్న 1773, 1774 సంవత్సరములలో న్యూటన్ అతనిని తన ఇంటిలోనే సంవత్సరమునకు పైగా ఉంచుకొనెను. "నీ విశ్వాసము ఏమాయెను?" అని త్రోసివేయలేదు. న్యూటన్ లండనుకు మారిపోయిన తరువాతను ఉత్తరములు మానలేదు. మేరీ అన్విన్ అను విధవరాలు 1796లో తాను మరణించువరకు కూపర్‌ను కనిపెట్టి యుండెను. అతడు తోటపని చేసెను, వడ్రంగము నేర్చెను, కుందేళ్లను పెంచెను. ఏలీయా బదరీ వృక్షము క్రింద మరణమును కోరినప్పుడు దూత మొదట అతనికి రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల పండుకొననిచ్చెను గదా (1 రాజులు 19). దేవుడు కూపర్‌ను ఆదుకొనుటకును మనుష్యుల చేతులను వాడుకొనెను.

మన సంఘములలోను కూపర్ వంటివారున్నారు. పంట పోయి అప్పు మిగిలిన రైతు, పరీక్ష తప్పిన విద్యార్థి, కాన్పు తరువాత ఎవరితోను మాటలాడని తల్లి. వారు గుడికి రావుట మానినప్పుడు, "భక్తి చల్లారినది" అని మనము తేలికగా తీర్పు తీర్చుదుము. "నాకు దేవుడు లేడు", "నేను బ్రతికి యేమి లాభము" అని ఎవరైన అనినయెడల, ఆ మాటను గద్దించి ఊరకుండకుడి. ఆ రాత్రి వారిని ఒంటరిగా విడువకుడి. ప్రార్థన చేయుడి, వెంటనే ఆసుపత్రికి తోడుకొని పోవుడి. వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. జ్వరమునకు మందు పుచ్చుకొను మనము మనస్సు జబ్బునకు పుచ్చుకొనుటకు ఏల సిగ్గుపడవలెను?

5. మన భాషలో మన మొర

తెలుగు క్రైస్తవులమైన మనకు ఈ విషయములో గొప్ప స్వాస్థ్యమున్నది. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో క్రీస్తును అంగీకరించి, 1890లో ప్రభువునందు నిద్రించిరి. వారు తమ భక్తిని మన దేశపు కీర్తన పద్ధతిలోనే, పల్లవితోను, చరణములతోను, రాగతాళములతోను పాడిరి. అందుచేతనే చదువురాని మన అవ్వలు కూడ ఆ కీర్తనలను నోటికి నేర్చి, రోకలి పోటుతోను తిరుగలి ధ్వనితోను కలిపి పాడుకొనిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటకు పైన రాగము తాళము అచ్చువేసియుండుట మీరు చూచుచున్నారు. మాటయు మనదై, రాగమును మనదైనప్పుడు, పాట చెవి దగ్గర ఆగక లోపలికి దిగును. ఆత్మతోను మనస్సుతోను పాడుదునని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి (1 కొరింథీ 14:15) ఇక్కడ మనకు జ్ఞాపకము రావలెను. అర్థమెరిగి పాడిన పాటయే మనదగును.

6. సంఘములో దీనిని ఎట్లు ఆచరింతము?

మొదటిది, పాట ఎన్నుకొను ముందు ఎదుటివారిని చూడుడి. ఆదరణ కూడికకు వెళ్లు పెద్దలు, "అమ్మా, ఏ పాట పాడమందువు?" అని ఇంటివారిని అడుగుట మేలు. ఏ పాటయు వద్దనినయెడల మౌనముగా కూర్చుండుడి. ఏడ్చువారితో ఏడ్వుమను ఆజ్ఞకు (రోమా 12:15) రాగతాళములు అవసరము లేదు.

రెండవది, ఆరాధనలో మొరపెట్టు కీర్తనలకు చోటియ్యుడి. సంతోషగీతములే పాడు సంఘములో, దుఃఖపడువాడు తాను తప్పుడు ఇంటికి వచ్చితినని తలంచును. నెలకొక్క ఆదివారమైనను 13వ కీర్తన వంటిదానిని అందరు కలిసి చదువుడి.

మూడవది, పిల్లలు వినుచున్న పాటలను గూర్చి తొందరపడి కోపింపకుడి. "ఆ పాడు పాట కట్టివేయుము" అని గద్దించుటకు ముందు, "నాయనా, అందులో ఏ మాట నీకు నచ్చెను?" అని అడుగుడి. తండ్రితో చెప్పలేని దుఃఖమును కుమారుడు ఆ పాటలో దాచుకొనియుండవచ్చును. అయితే యౌవనస్థులారా, మీరును వినుడి. మీ బాధను చక్కగా చెప్పిన పాట మీ ప్రక్కన కూర్చుండజాలదు, మీకు అన్నము పెట్టజాలదు. పాట చెప్పిన మాటను మీ నోటితో ఒక మనుష్యునికి చెప్పుడి, దేవునికి చెప్పుడి.

నాలుగవది, పాడలేని వారి పక్షముగా పాడుడి. మేము మొదట చెప్పిన ఆ తల్లి ఇప్పుడు ప్రతి ఆదివారము గుడికి వచ్చుచున్నది. ఆనాడు మేము ఎత్తించిన స్తుతికీర్తన వచ్చినప్పుడు ఆమె మొదటి చరణము వరకు పాడి, రెండవదానిలో ఆగిపోవును. ఆమె ఇరుప్రక్కల కూర్చుండు స్త్రీలు అది ఎరిగి, ఆ చరణమును కొంచెము గట్టిగా పాడుదురు. వారికి ఎవరును నేర్పలేదు. సంఘమనగా ఏమియో మాకు ఆ రెండవ చరణము దగ్గర ప్రతిసారి కనబడుచున్నది.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మిమ్మును గూర్చియే వ్రాసినట్లు తోచు పాట ఏది? అందులో ఏ సత్యము మిమ్మును పట్టుకొనెను?

2. దావీదు తన ఒప్పుకోలును ప్రధానగాయకునికి అప్పగించుట వలన జనులకు కలిగిన మేలేమి?

3. మీ సంఘములో ఈ మధ్య కూడికలకు రాని వారెవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన

మా మొరలను త్రోసివేయని తండ్రీ, నీ యెదుట సత్యము దాచక పాడిన నీ దాసులను బట్టి నిన్ను స్తుతించుచున్నాము. పాడగలిగిన దినమున మాకు వినయమును, పాడలేని దినమున మా ప్రక్కను సహోదరులను దయచేయుము. చీకటిలో కూర్చుండినవారి యొద్దకు వెళ్లుటకు మా పాదములను త్వరపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.